మా చిన్నాయన పాతికామి వేషం

మా చిన్నాయన మా ఊరి భారతంలో దాదాపు 20 ఏళ్ళు ఒకే వేషం కట్టాడు. ప్రాతికామి వేషం.

ఈ పేరు చెబితే భారతం బాగా తెలిసినవాళ్ళు కూడా ‘ఎవరూ?’ అంటారు. వాళ్ళ తప్పేం లేదు. జూదంలో ధర్మరాజు రాజ్యం, తమ్ముళ్ళు, తను, చివరికి ద్రౌపది, అన్నీ ఓడిపోయాక ఆమెను సభకు పిలుచుకు రమ్మని దుర్యోధనుడు మొదట విదురుడికి చెబుతాడు. విదురుడు పోకపోగా నాలుగు చీవాట్లు పెడతాడు. అప్పుడు దుర్యోధనుడి చూపు దగ్గర్లో నిలబడ్డ ఒక సేవకుడి మీద పడుతుంది. ‘నువ్వు పోరా’ అంటాడు. వాడే ప్రాతికామి. పోతాడు, వస్తాడు. మళ్ళీ పోతాడు, మళ్ళీ వస్తాడు. ఆ తర్వాత దుశ్శాసనుడు లేస్తాడు. అక్కడినుంచి జరిగింది అందరికీ తెలుసు. ప్రాతికామి ఏమయ్యాడన్నది మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

మా ఊళ్ళో ఆ పేరు నోరు తిరక్క ‘పాతికామి’ అనేవాళ్ళు. మొదట్లో ఆ వేషానికి జట్టు వాళ్ళు పాతిక రూపాయలు ఇచ్చేవాళ్ళట. అందుకే ఆ పేరు వచ్చిందని మా ఊరి కుర్రకారు గట్టిగా నమ్మేది. నేనూ చాలాకాలం అదే నిజమనుకున్నాను.

మా చిత్తూరు వైపు ధర్మరాజుల గుళ్ళు ఎక్కువ. ద్రౌపదమ్మ గుడి అన్నా అదే. ఎండాకాలంలో ఆ గుడి ముందు 18 రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రికి అదే ఘట్టం వీధినాటకం. బకాసుర వధ రోజు ఎద్దులబండి మీద అన్నం కుండలు పెట్టుకుని భీముడు ఊరంతా తిరుగుతాడు. అర్జునుడి తపస్సు రోజు ఇంత ఎత్తు మాను పాతి, ఆ వేషగాడు పద్యాలు పాడుకుంటూ పైకెక్కి నిమ్మకాయలు, విభూతి కిందికి విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ కొంగు పట్టి నిలబడతారు. చివరి రోజు పొద్దున మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ తొడ పగులుతుంది, సాయంత్రం అగ్నిగుండం. ఇవన్నీ చూసి పెరిగిన పిల్లకాయలకు భారతం పుస్తకంలో ఉంటుందని తెలిసేసరికి మీసాలు వచ్చేస్తాయి.

నాటకం ఆడేది బయటినుంచి వచ్చే జట్టు. మనుషులు తక్కువ, వేషాలు ఎక్కువ. ఒకే మనిషి ఒక రాత్రి ద్రోణుడు, ఇంకో రాత్రి కృష్ణుడు. అందుకని చిన్నా చితకా వేషాలు ఊళ్ళో వాళ్ళకు ఇచ్చేవాళ్ళు. ఊళ్ళో మనిషి వేషం కడితే వాడి చుట్టాలు, పక్కాలు, అప్పులవాళ్ళు అందరూ చూడ్డానికి వస్తారు, పళ్ళెంలో చిల్లర పడుతుంది అనే లెక్క కూడా ఉండేదేమో. చిన్నాయనకు ప్రాతికామి అట్లా దొరికింది. ఆయనకు పద్యం రాదు. గొంతు బొంగురు. కానీ పిలిస్తే పరిగెత్తి వచ్చే మనిషి. ఆ వేషానికి కావాల్సింది అదే.

భుజకీర్తులు, కిరీటం లాంటివేవీ ఆ వేషానికి లేవు. తలకు ఒక ఎర్రటి తుండు, ముఖానికి కాస్త అర్దళం అనే పసుపు రంగు, కాలికి ఒక వరస గజ్జెలు, చేతిలో ఒక కర్ర. ‘చిత్తం మహారాజా’ అన్న మాట ఏడెనిమిది సార్లు, మధ్యలో రెండు పొడుగు మాటలు. అంతే. మొత్తం కలిపి అరగంట ఉండేది. ఆ అరగంట కోసం నెల ముందునుంచి మా పిన్నమ్మ ప్రాణం తీసేవాడు. చెరుకు తోటలో గెనాల మీద నడుస్తూ ‘చిత్తం మహారాజా’ అని ఒకసారి వినయంగా, ఒకసారి భయంగా అనుకునేవాడు. ‘ఒక్క మాటకు ఇన్ని సార్లా?’ అని పిన్నమ్మ అడిగితే ‘నీకేం తెలుసు, ఒక్కో చిత్తం ఒక్కో తీరు’ అనేవాడు.

ఒక సంవత్సరం ఏం జరిగిందో చెప్పాలి. నాకు అప్పుడు ఎనిమిదో తొమ్మిదో. దుర్యోధనుడు ఆజ్ఞ ఇచ్చాడు, చిన్నాయన ‘చిత్తం’ అని గజ్జెలు మోగించుకుంటూ తెర పక్కకు పోయాడు. అక్కడ ద్రౌపది లేదు. ద్రౌపది వేషం కట్టేది జట్టులో ఒక నడివయసు మనిషి. చీర కట్టుకుని, సవరం పెట్టుకుని, తన ఘట్టానికి ఇంకా టైముందని స్కూలు వెనక్కి బీడీ తాగడానికి పోయినాడు. చిన్నాయన అటు చూసి ఇటు చూసి, ఏం చెయ్యాలో తోచక వెనక్కి వచ్చి, నిజమే చెప్పేశాడు.

‘మహారాజా, అమ్మ ఆడ లేదు.’

జనం గొల్లుమన్నారు. దుర్యోధనుడి వేషగాడు ఆరితేరినవాడు. ‘లేకపోతే వెతికి తీసుకురాపో’ అని గద మీద చెయ్యి వేశాడు. హార్మోనియం ఆయన ఒక పాట అందుకుని సాగదీశాడు. చిన్నాయన మళ్ళీ పోయాడు, మళ్ళీ వచ్చాడు. ఆ రాత్రి ఆయన మామూలుగా తిరగాల్సిన రెండు సార్లకు నాలుగు సార్లు తిరిగాడు. మరుసటి రోజు కల్లంగడి దగ్గర అందరూ ‘పాతికామీ, అమ్మ దొరికిందా?’ అని ఏడిపించారు. ఆయన మాత్రం సీరియస్‌గా, ‘లేని మనిషిని ఉండాదని ఎట్ల చెప్పేది?’ అన్నాడు.

ఇంకొక సంగతి. చిన్నాయన తన వేషం అయిపోగానే ఇంటికి వచ్చేసేవాడు. దుశ్శాసనుడు కర్పూరం వెలిగించి ద్రౌపదమ్మకు దండం పెట్టుకుని చీర అంచు పట్టుకునే సమయానికి, ఆడవాళ్ళు లేచి నిలబడి ‘గోవిందా’ అనే సమయానికి, ఆయన మా ఇంటి జాలాట్లో కొబ్బరినూనెతో ముఖం తుడుచుకుంటూ ఉండేవాడు. ఎందుకంటే మాకు త్రీఫేస్ కరెంటు రాత్రిపూటే వచ్చేది. రెండింటికో మూడింటికో వస్తే మోటరు వేసి చెరుక్కి నీళ్ళు కట్టాలి. వంతు తప్పితే మళ్ళీ మూడు రోజులు. టార్చిలైటు పట్టుకుని, చెవుల వెనక పసుపు రంగు అట్లాగే ఉండగా, బావి దగ్గరికి పోయేవాడు. వేషం కట్టిన ఇన్నేళ్ళలో ఆయన వస్త్రాపహరణం ఒక్కసారి కూడా చివరిదాకా చూడలేదు.

ఇదంతా ఒక ఇంగ్లీషు సినిమా గురించి చెప్పడానికి మొదలుపెట్టాను.

1996లో నేను తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మే ఇంగ్లీషు చదువుతున్నాను. బైరాగిపట్టెడలో ముగ్గురం కలిసి ఒక మిద్దె గది తీసుకున్నాం. పరీక్షలు వాయిదా పడి ఎండలు ముదిరాయి. షేక్స్‌పియర్ పేపరుకు హామ్లెట్ ఉండేది. మా దగ్గర ఉన్న గైడులో హామ్లెట్ ఎందుకు ఆలస్యం చేశాడన్న ప్రశ్నకు 11 పేజీల జవాబు ఉంది. రోజెన్‌క్రాంట్జ్, గిల్డెన్‌స్టర్న్ అనే ఇద్దరికి మూడు లైన్లు. ‘రాజు పంపిన గూఢచారులు, నమ్మకద్రోహులు, తగిన శాస్తి పొందారు’ అన్న ధోరణిలో. మేమూ అట్లాగే బట్టీపట్టాం.

వాళ్ళెవరో రెండు ముక్కల్లో చెప్తాను. డెన్మార్క్ యువరాజు హామ్లెట్‌కు చిన్ననాటి స్నేహితులు. అన్నను చంపి సింహాసనం ఎక్కిన కొత్త రాజు క్లాడియస్ వాళ్ళిద్దరినీ కోటకు పిలిపిస్తాడు. హామ్లెట్‌కు పిచ్చెక్కింది, ఎందుకో కనిపెట్టమంటాడు. వాళ్ళకు ఏమీ అర్థం కాదు. తర్వాత హామ్లెట్‌ను ఇంగ్లండుకు తీసుకుపొమ్మని వాళ్ళ చేతికి ఒక ఉత్తరం ఇస్తాడు. ‘దీన్ని తెచ్చిన వెంటనే హామ్లెట్ తల నరకండి’ అని అందులో ఉంటుంది. ఓడలో హామ్లెట్ రాత్రిపూట ఆ ఉత్తరం దొంగిలించి, ‘తెచ్చినవాళ్ళనే చంపండి’ అని మార్చి పెడతాడు. నాటకం ఆఖర్లో రాజు, రాణి, హామ్లెట్ అందరూ పడిపోయి ఉంటారు. అప్పుడు ఇంగ్లండు నుంచి రాయబారి వచ్చి, ఆ ఇద్దరూ చచ్చిపోయారని కబురు చెబుతాడు. వినాల్సిన రాజే ఉండడు.

ఆ ఒక్క కబురును పేరుగా పెట్టి టామ్ స్టాపర్డ్ అనే ఆయన ఒక నాటకం రాశాడు. 1966లో ఎడింబరోలో మొదట ఆడారు. 1990లో తనే దాన్ని సినిమాగా తీశాడు. ‘రోజెన్‌క్రాంట్జ్ అండ్ గిల్డెన్‌స్టర్న్ ఆర్ డెడ్.’ ఆయన డైరెక్ట్ చేసిన సినిమా అదొక్కటే, దానికే వెనిస్ ఫిలిం ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి, గోల్డెన్ లయన్ వచ్చింది. ఇందులో హామ్లెట్ కథంతా పక్కన ఎక్కడో జరుగుతూ ఉంటుంది. తలుపు సందుల్లోంచి, మెట్ల కిందినుంచి, మనకు కొన్ని ముక్కలు కనిపిస్తాయి. కెమెరా మాత్రం ఈ ఇద్దరు అమాయకుల వెంటే తిరుగుతుంది. మా రూమ్మేట్ మద్రాసులో వాళ్ళ బావగారి దగ్గర్నుంచి ఆ క్యాసెట్ తెచ్చాడు. ఎన్నోసారి కాపీయో, పైన గీతలు, కింద గీతలు. టీవీ, వీసీఆర్ ఒక రాత్రికి అద్దెకు తెచ్చాం. ఆ డబ్బులో మూడో వంతు నాది, అందుకని ఆ రాత్రి చూసి తీరాల్సిందే.

సరిగ్గా ఆ సాయంత్రమే చిన్నాయన దిగాడు.

ఊళ్ళో భారతం అయిపోయి పది రోజులైంది. ఏదో మొక్కు ఉంటే అలిపిరి మెట్లెక్కి పోయి, గుండు కొట్టించుకుని, దర్శనం చేసుకుని బస్సులో కిందికి వచ్చాడు. చిత్తూరుకు బస్సులు ఉన్నాయి, పోవచ్చు. కానీ పిక్కలు పట్టేసి, ‘ఈ రాత్రికి నీ దగ్గర పడుకుని పొద్దున పోతా అబ్బోడా’ అన్నాడు. గుండుకు పూసిన చందనం ఎండి రాలుతోంది. చంకలో లడ్డూల సంచి. గది మొత్తం నెయ్యి, పచ్చకర్పూరం వాసన. నాకు కొంచెం ఇబ్బందిగానే ఉండింది, ఇప్పుడు ఒప్పుకోవడానికేం. ఇద్దరు స్నేహితుల ముందు ఇంగ్లీషు సినిమా చూస్తూ, పక్కన గుండుతో చిన్నాయన.

‘ఏం సినిమా?’ అన్నాడు.

‘ఇంగ్లీషుది చిన్నాయనా. నీకు అర్థం కాదులే. పడుకో.’

‘నువ్వు చెప్పు, అర్థమైతాది.’

సినిమా మొదట్లోనే ఇద్దరు మనుషులు గుర్రాల మీద పోతుంటారు. ఒకడికి దారిలో ఒక నాణెం దొరుకుతుంది. ఎగరేస్తాడు, బొమ్మ. మళ్ళీ ఎగరేస్తాడు, బొమ్మ. ఎన్నిసార్లు వేసినా బొమ్మే. రెండోవాడికి టెన్షన్ మొదలవుతుంది, ఇది ఎట్లా సాధ్యమని రకరకాల కారణాలు వెతుకుతాడు. నాటకంలోనైతే వరసగా 92 సార్లు బొమ్మే పడుతుంది. మా రూమ్మేట్ డిగ్రీలో లెక్కల మనిషి. ఇది సంభావ్యతా సూత్రాల మీద వ్యంగ్యమనీ, అస్తిత్వవాదమనీ ఏదో చెప్పబోతున్నాడు. చిన్నాయన కళ్ళార్పకుండా చూసి, నన్ను మోచేత్తో పొడిచాడు.

‘ఇందులో శకుని ఎవరు?’

‘శకుని ఎందుకుంటాడు?’

‘అన్నీ ఒక పక్కే పడతా ఉంటే వాళ్ళు ఆడతా లేరు. ఎవుడో ఆడిస్తా ఉండాడు.’

మా రూమ్మేట్ నోరు మూసుకున్నాడు. వ్యాసభారతంలో శకుని పాచిక వేసిన ప్రతిసారీ ‘గెలిచాను’ అన్న ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ వస్తుందని నేను తర్వాత చదివాను. ఒక్కసారైనా ధర్మరాజు వైపు పడదు. మేము పుస్తకాల్లో వెతుకుతున్నది చిన్నాయనకు మొదటి పది నిమిషాల్లోనే తట్టింది. ఆయన చూసిన జూదం అదొక్కటే మరి.

తర్వాత దారిలో నాటకాల జట్టు వస్తుంది. ఒక బండి, దాని పక్కలు విప్పితే అదే స్టేజీ. జట్టు నాయకుడిగా రిచర్డ్ డ్రేఫస్. ఆడవేషం కట్టే ఒక పిల్లోడు కూడా ఉంటాడు, వాడికి ఆ పని ఇష్టమున్నట్టు కనపడదు. చిన్నాయన లేచి కూర్చున్నాడు. ‘అద్దో, జట్టు!’ అన్నాడు, తన చుట్టాలను బస్టాండులో చూసినట్టు. ఆ నాయకుడు డబ్బుల కోసం బేరమాడే తీరు, ప్రేక్షకుడు లేకపోతే మేము లేము అన్నట్టు చిన్నబుచ్చుకునే తీరు చూసి, ‘అందరూ అట్లనే ఉంటారబ్బా. యా దేశమైనా సరే’ అని నవ్వాడు.

పేర్లు తారుమారయ్యే చోట మాత్రం పొట్ట పట్టుకున్నాడు. ఆ ఇద్దరిలో ఎవరు రోజెన్‌క్రాంట్జో ఎవరు గిల్డెన్‌స్టర్నో రాజుకు గుర్తుండదు. వాళ్ళకే సరిగ్గా గుర్తుండదు, ఒకడు తన పేరు చెప్పబోయి రెండోవాడి పేరు చెబుతాడు. ఇది స్టాపర్డ్ ఊరికే కల్పించింది కాదు. అసలు హామ్లెట్‌లోనే రాజు ఒక వరసలో ఇద్దరి పేర్లూ చెప్పి థాంక్స్ చెబితే, రాణి వెంటనే వరస మార్చి చెబుతుంది. ఆ రెండు లైన్లు మేము ఏడాదంతా చదివాం, ఎవరికీ నవ్వు రాలేదు. నేను చిన్నాయనకు వివరిస్తే, ‘మొన్న భారతంలో ఆ దుర్యోధనుడు నన్ను ఏమని పిల్చినాడో తెల్సా? కంచుకీ అన్నాడు. నేను అంతఃపురంలో ఉండే కంచుకిని గాదు గదా. అయినా చిత్తం అన్నా’ అన్నాడు.

అసలు ప్రాతికామి అన్నది పేరేనా? తర్వాత మా యూనివర్సిటీలో ఒక సంస్కృతం సారును అడిగాను. ఆ మాటకు సేవకుడు, కబురు మోసేవాడు అని అర్థం అన్నారు. పేరనుకుంటే పేరు, ఉద్యోగమనుకుంటే ఉద్యోగం.

సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చిన ముక్క రోజెన్‌క్రాంట్జ్ ప్రయోగాలు. గ్యారీ ఓల్డ్‌మన్ ఆ వేషం. తెలివి తక్కువ వాడిలా కనిపిస్తాడు, కానీ వాడి చేతికి ఏది దొరికినా దాంట్లో ఒక సూత్రం బయటపడుతుంది. కాగితం మడిచి ఎగిరే బొమ్మ చేస్తాడు. వేలాడదీసిన మట్టికుండల్లో చివరిది లాగి వదిలితే అవతలి చివరది మాత్రం లేస్తుంది. న్యూటన్ పుట్టకముందే న్యూటన్ సూత్రం. స్నేహితుణ్ణి పిలిచి మళ్ళీ చేసి చూపిస్తాడు. ఈసారి కుండ ఠప్పున పగిలిపోతుంది. రెండోవాడు, అది టిమ్ రోత్, విసుక్కుంటాడు. అంతటితో సరి.

చిన్నాయన ఇక్కడ నవ్వలేదు. ‘వానికి బుర్ర ఉండాది. పక్కనోడు చూడాల్సినప్పుడు చూడడు’ అన్నాడు. గానుగ దగ్గర బెల్లం పాకం ఎప్పుడు దించాలో చిన్నాయనకు వాసనతోనే తెలిసేది. నీళ్ళలో వేసి ముద్ద చేసి చూడక్కరలేదు. ఆయన దించమన్నప్పుడు దించితే అచ్చు బంగారంలా వచ్చేది. కానీ గానుగ మా నాయన పేరు మీద ఉండేది. చిత్తూరు మండీలో మా బెల్లానికి మంచి ధర వస్తే పేరు నాయనకు వచ్చేది. ఈ మాట ఆ రాత్రి నాకు తట్టలేదు. చాలా ఏళ్ళ తర్వాత తట్టింది.

ఇక ప్రశ్నల ఆట. ఇద్దరూ టెన్నిస్ కోర్టులో అటొకడు ఇటొకడు నిలబడి ప్రశ్నకు ప్రశ్న విసురుకుంటారు. జవాబు చెప్పినవాడు ఓడిపోయినట్టు. బంతి ఉండదు, మాటలే బంతి. ఆ స్పీడుకు నేను తెలుగు చెయ్యలేక చేతులెత్తేశాను. ‘ఒకడు ప్రశ్న అడిగితే ఇంకొకడు ప్రశ్నే అడగాల, జవాబు చెప్పకూడదు. అంతే చిన్నాయనా’ అన్నాను.

ఆయన కాసేపు చూసి, ‘ఆ ఆట నేను ఆడినా’ అన్నాడు.

‘ఎప్పుడు?’

‘ఏటా.’

నిజమే. ప్రాతికామి పోయి ద్రౌపదికి సంగతి చెబితే ఆమె రాదు, ఒక ప్రశ్న ఇచ్చి పంపుతుంది. ‘ఆ జూదగాణ్ణి పోయి అడుగు. ముందు నన్ను ఓడిపోయినాడా, తనను తాను ఓడిపోయినాడా?’ వాడు ఆ ప్రశ్న మోసుకుని సభకు వస్తాడు. ధర్మరాజు ఉలకడు, పలకడు. దుర్యోధనుడు జవాబు చెప్పడు, ‘ఆమెనే వచ్చి అడగమను’ అంటాడు. వాడు అది మోసుకుని మళ్ళీ పోతాడు. భీష్ముడు, ద్రోణుడు, అంతమంది పెద్దలు కూర్చున్న సభలో ఆ ప్రశ్న అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటుంది. బంతి మోసేవాడు ప్రాతికామి ఒక్కడే. భారతంలో ఎంతో పేరున్న ఆ ప్రశ్న సభలో మొదట వినిపించింది ద్రౌపది నోట కాదు. ఒక పనివాడి నోట. నేను ఎమ్మే చదివి, చిన్నప్పటినుంచి 18 రోజుల భారతం చూసి, ఈ సంగతి గమనించలేదు.

కరెంటు పోయింది. అప్పటి తిరుపతిలో అది మామూలే. అరగంట మిద్దె మీద కూర్చున్నాం. కొండ మీద దారి దీపాలు వంకరగా వెలుగుతున్నాయి. చిన్నాయన లడ్డూ విరిచి తలా ఒక ముక్క పెట్టాడు. మా రూమ్మేట్, ఆ లెక్కలవాడు, ‘చిన్నాయనా, మీరు ఆ చిత్తం మహారాజా ఒకసారి చెప్పండి’ అన్నాడు. చీకట్లో, గుండుతో, కూర్చున్నచోటే చెప్పాడు. ముందు వినయంగా, తర్వాత భయంగా. ఇద్దరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఎందుకో సిగ్గేసింది.

కరెంటు వచ్చాక ఓడ ఘట్టం. ఉత్తరం సంగతి చెప్పగానే చిన్నాయన తొడ చరిచాడు. ‘చంద్రహాసుని జాబు గదరా ఇది!’ ఆ కథ మా వైపు ముసలివాళ్ళందరికీ తెలుసు. దుష్టబుద్ధి అనే మంత్రి చంద్రహాసుడి చేతికే ఉత్తరం ఇచ్చి కొడుకు దగ్గరికి పంపుతాడు, ‘దీన్ని తెచ్చినవాడికి విషమివ్వు’ అని. ఆ పిల్లవాడు తోటలో నిద్రపోతుంటే మంత్రి కూతురు విషయ ఉత్తరం చదివి, కంటి కాటుకతో ఒక్క అక్షరం మార్చి, విషం కాస్తా విషయ అయ్యేటట్టు చేస్తుంది. ఉత్తరం మోసుకొచ్చినవాడికి పెళ్ళవుతుంది. అక్కడ ఉత్తరం మారి మనిషి బతికాడు, ఇక్కడ ఉత్తరం మారి ఇద్దరు పోయారు.

చిన్నాయనను నిలదీసింది మాత్రం ఇంకొకటి. సినిమాలో ఆ ఇద్దరూ ఉత్తరం విప్పి చదువుతారు. హామ్లెట్‌ను చంపమని ఉందని వాళ్ళకు తెలుస్తుంది. కాసేపు తర్జనభర్జన పడి, మనమెవరం, పెద్దల సంగతి, రాజుగారికి ఏం కారణాలున్నాయో అని, గమ్మున మళ్ళీ మూసి పెట్టేస్తారు.

‘సదివినారా?’ అన్నాడు చిన్నాయన.

‘చదివినారు.’

‘సదివినాక గూడా గమ్మునుండారా?’

‘వాళ్ళేం చెయ్యగలరు చిన్నాయనా? చిన్నవాళ్ళు. రాజాజ్ఞ.’

‘స్నేహితుడన్నావు గదా?’

నేను సినిమా పక్షాన వాదించాను. వాళ్ళకు ఏమీ తెలియదు, వాళ్ళ చేతిలో ఏమీ లేదు, ఎవరో రాసిన కథలో ఇరుక్కుపోయారు, అదే ఈ సినిమా గొప్పతనం అని. చిన్నాయన ఒప్పుకోలేదు. గుండు నిమురుకుంటూ చాలాసేపు ఆలోచించాడు.

‘మావోడు అట్లగాదు. మూడోసారి పొమ్మన్నప్పుడు వాడు కదల్లా. సభలో అందరి ముందరా నిలబడి, ఆయమ్మకు నన్ను ఏం చెప్పమంటారో మీరు చెప్పండని అడిగినాడు. రాజును గాదు, పెద్దోళ్ళను అడిగినాడు. అందుకే గదా దుర్యోధనునికి కోపమొచ్చి, వీడు భీమునికి బయపడినాడు, నువ్వు పో అని దుశ్శాసనుణ్ణి లేపింది. వాడు అడిగినాడబ్బోడా. పిరికోడే. గజ్జెలు వణికిపోతా ఉంటాయి. అయినా అడిగినాడు. ఆ మాట చెప్పేటప్పుడు నేను గొంతు కొంచెం పెంచుతా. ఎవురూ చూసుండరు.’

నేను చూడలేదు. దుశ్శాసనుడు ఎప్పుడు వస్తాడా అని ఎదురుచూసేవాణ్ణి.

పరీక్షలయ్యాక లైబ్రరీకి పోయి వ్యాసభారతం తెలుగు వచనంలో ఆ ఘట్టం చదివాను. ప్రాతికామి ద్రౌపది ఉన్న చోటికి పోవడాన్ని సింహాల గుహలోకి కుక్క దూరినట్టు అని ఉంది. సభలో వాడు తన గౌరవం సంగతి పక్కనపెట్టి సభ్యులను అడిగాడనీ ఉంది. చిన్నాయన ఒక అక్షరం కూడా తప్పు చెప్పలేదు. పరీక్షలో నేను ఇదంతా రాయలేదు, హామ్లెట్ ఆలస్యం గురించి గైడులో ఉన్న 11 పేజీలే రాసి పాసయ్యాను. ఆ తర్వాత ఒక సెమినార్‌లో ప్రాతికామినీ ఆ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి మాట్లాడితే, టీ టైములో ఒక పెద్దాయన ‘పోలిక కొంచెం లాగినట్టుంది’ అన్నాడు. లాగినట్టే ఉండవచ్చు. స్టాపర్డ్ చిన్నప్పుడు యుద్ధానికి భయపడి ఇల్లు వదిలిన కుటుంబంతో మన దేశం వచ్చి, డార్జిలింగ్‌లో కొన్నేళ్ళు బడికి పోయాడని తర్వాత తెలిసింది. అక్కడ ఏ పండుగ రాత్రి అయినా భారతం చూసి ఉంటాడా అని ఒక పిచ్చి ఊహ వచ్చింది. చూసి ఉండడు. అయినా ఊహించుకోవడం బాగుంటుంది.

ఆ రాత్రి సినిమా చివర్లో ఉరితాళ్ళు కనపడ్డప్పుడు మా ముగ్గురం మాట్లాడలేదు. అయిపోయాక వీసీఆర్ ఆపి, క్యాసెట్ వెనక్కి తిప్పుతున్నాం. చిన్నాయన చాప పరుచుకుంటూ అడిగాడు.

‘వాళ్ళు సచ్చిపోయినారని ఎవురో ఒకరు వచ్చి చెప్పినారు. మంచిదే. మావోడు ఏమైనాడని యాడన్నా రాసుండారా?’

అప్పటికి నాకు తెలియదు. చదివాక తెలిసింది, రాయలేదు. దుశ్శాసనుడు లేచాక ప్రాతికామి మళ్ళీ ఆ సభలో కనపడడు. దీపావళికి ఊరికి పోయినప్పుడు గానుగ దగ్గర ఈ సంగతి చెప్పాను. పొయ్యి మండుతోంది, పెనంలో చెరుకురసం పొంగుతోంది. చిన్నాయన గరిటెతో నురగ తీసి పక్కన పోస్తూ విన్నాడు. బాధపడతాడనుకున్నాను.

‘ఇంటికి పోయుంటాడు లేరా’ అన్నాడు. ‘కరెంటొచ్చే టైము గదా.’